ఏ ఇండియాది ఈ ఇండికా?

కాలిఫోర్నియాలో లైసెన్సున్న గంజాయి దుకాణాల్లో సరుకును ముఖ్యంగా రెండు అరలుగా సర్దుతారు. సటైవా అంటే హుషారు. ఇండికా అంటే ఒళ్లు సడలి, కళ్లు వాలిపోయి, సోఫాకి అతుక్కుపోవడం. ఈ ఇండికా పొట్టిగా, గుబురుగా, వెడల్పాటి ఆకులతో ఉంటుంది. తమాషా ఏమిటంటే దీని సొంతూరు హిందూకుష్ కొండల్లోని అఫ్గాన్ నేల. 1785లో ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ ఇండికా అని పేరు పెట్టింది సొన్నెరా అనే యాత్రికుడు మన దేశం నుంచి పట్టుకెళ్లిన సన్నాకుల మొక్కకి. అది దిగులు మరిపించి ఉల్లాసం తెస్తుందని కూడా ఆయనే రాశాడు. ఆ మొక్క ఇవాళ దుకాణానికి వెళ్తే సటైవా అరలో పెడతారు. బారసాల ఒకరికి చేస్తే పేరు ఇంకొకరికి దక్కింది! 1970లలో అఫ్గాన్ మొక్కల్ని చూసొచ్చిన వృక్షశాస్త్రజ్ఞులు వాటిని ఇండికా అన్నారు, విత్తనాలు మోసుకెళ్లిన పెంపకందార్లు ఆ మాటనే ఖాయం చేశారు.

అయితే నిద్ర సంగతో? దానికి 1838 నాటి కలకత్తా వెళ్లాలి. మెడికల్ కాలేజీలో విలియం ఓషానసీ అనే ఐరిష్ డాక్టరు ఉండేవాడు. తర్వాత మన దేశంలో టెలిగ్రాఫు తీగలు వేయించింది ఈయనే. పండిట్ మధుసూదన్ గుప్తాని అడిగి పాత వైద్యగ్రంథాల్లో గంజాయి గురించి ఏముందో తెలుసుకున్నాడు, ఆపైన ఒక కుక్కకి నేపాలీ చరస్, అంటే గంజాయి జిగురు, పట్టించాడు. అరగంటలో కుక్క జోగసాగింది. ఉలిక్కిపడి లేచేది, పరమ సంతోషంగా తోకాడించేది, ఆవురావురుమని తినేది, పిలిస్తే తూలుతూ వచ్చేది. ఆరు గంటలకల్లా మామూలైపోయింది.

తర్వాత మనుషుల వంతు. మధ్యాహ్నం రెండింటికి ముగ్గురు కీళ్లవాతం రోగులకి తలా ఒక గ్రెయిన్, అంటే సుమారు 65 మిల్లీగ్రాముల జిగురు, ద్రావణంగా ఇచ్చాడు. నాలుగింటికి ఒకడు వాగుడు మొదలెట్టి, పాటలందుకుని, ఇంకాస్త తిండి పెట్టమని కేకలేశాడు. ఆరింటికి నిద్రలోకి జారుకున్నాడు. ఎనిమిదింటికి ఆసుపత్రి నుంచి హడావుడిగా చీటీ వస్తే డాక్టరు పరుగెత్తాడు. రోగికి స్పృహ లేదు గాని నాడి, ఊపిరి సవ్యంగానే ఉన్నాయి. చెయ్యెత్తి వదిలితే ఎత్తినచోటే నిలిచిపోయింది! అర్ధరాత్రి దాటాక తేరుకున్నాడు. హుషారు, ఆకలి, నిద్ర మూడూ ఒకే మోతాదులో, ఒకే మనిషికి. ఇది తెలిశాక దుకాణంలో ఆ రెండు అరలు చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఆ తర్వాతి కథ పొడుగేమీ కాదు. గంజాయి లండన్ మందుల షాపులకెక్కింది, సీసా సీసాకీ బలం మారుతోందని డాక్టర్లు విసుక్కున్నారు, చివరికి చట్టాలొచ్చాయి. నాకు బాధనిపించేది నవగావ్ గురించి. ఇప్పటి బంగ్లాదేశ్‌లోని ఆ ప్రాంతంలో సర్కారు లైసెన్సుతో గంజాయి పండించేవారు. పొద్దార్లనే నిపుణులు చేలమ్మట తిరిగి, పూత విడవకముందే మగమొక్కని పోల్చి పీకేసేవారు. పుప్పొడి తగిలితే గింజ కట్టి జిగురు తగ్గుతుంది మరి. అదే పని కాలిఫోర్నియాలో చేస్తే కొత్త కనిపెట్టుడైంది, పొద్దార్ల మాటెత్తే వాళ్లు లేరు. మన మన్యంలోని శీలావతి రకాన్నీ జనం పోలీసు కేసుల వల్లే ఎరుగుదురు.

ఇక ఆ రెండు అరల సంగతికొస్తే, 2021లో నేచర్ ప్లాంట్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం ఇండికా, సటైవా చీటీలకీ మొక్కల వంశానికీ పొంతన అంతంత మాత్రమే. చీటీతో కాస్త కలిసింది వాసననిచ్చే టెర్పీన్లు. మట్టి వాసన కొడితే ఇండికా అంటున్నారన్నమాట.