క్వార్ట్‌సైట్: ఎడారిలో చలికాలపు విడిది

క్వార్ట్‌సైట్ అమెరికాలోని అరిజోనా రాష్ట్రానికి పడమటి అంచున, లా పాజ్ కౌంటీలో ఉన్న చిన్న ఊరు. కాలిఫోర్నియాకు హద్దుగా పారే కొలరాడో నదికి తూర్పున సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, సోనోరా ఎడారి మధ్య, ఇంటర్‌స్టేట్ 10 రహదారి మీద ఉంది. 2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ ఉండేవాళ్ళు 2,413 మంది. ఈ అంకెను బట్టి ఊరి స్థాయిని ఊహించలేం. మంచు కురిసే ఉత్తరాది రాష్ట్రాల నుంచీ కెనడా నుంచీ ఏటా చలికాలంలో వేలాది కుటుంబాలు బండినే ఇల్లు చేసుకుని ఇక్కడికి వస్తాయి. ఆర్‌వీలుగా పేరుపడ్డ ఈ బండ్లలో మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు, మరుగుదొడ్డి అన్నీ ఉంటాయి. వచ్చేవాళ్ళలో ఎక్కువ మంది రిటైరైనవాళ్ళు. వీళ్ళను అక్కడివాళ్ళు ‘స్నోబర్డ్స్’ అంటారు.

తొలి రోజులు

1856లో చార్లెస్ టైసన్ అనే వ్యక్తి ఇక్కడ స్థిరపడి బావి తవ్వించాడు. గుర్రపు బండ్లు ఆగే మజిలీగా ఈ చోటికి ‘టైసన్స్ వెల్స్’ అనే పేరు నిలిచింది. సైనికాధికారి భార్య మార్తా సమ్మర్‌హేస్ 1870లలో ఈ దారిన వెళ్ళి, 1908లో అచ్చయిన తన జ్ఞాపకాల పుస్తకంలో ఈ మజిలీని ఈసడించుకుంటూ రాసింది. చుట్టుపక్కల గనుల పని తగ్గాక ఊరు దాదాపు ఖాళీ అయింది.

ఆ కాలానికి మిగిలిన గుర్తు ఒక సమాధి. ఎడారి దారుల్లో సామాను మోయించడానికి అమెరికా సైన్యం 1856లో ఒంటెలను దిగుమతి చేసుకుంది. వాటి వెంట వచ్చిన ఒంటెల కాపరి హాజీ అలీ. ఆ పేరు నోరు తిరగని సైనికులు అతణ్ణి ‘హై జాలీ’ చేశారు. ప్రయోగం ఎక్కువ కాలం సాగలేదు గానీ అతను మాత్రం అమెరికాలోనే ఉండిపోయి 1902లో చనిపోయాడు. 1935లో రాష్ట్ర రహదారుల శాఖ అతని సమాధి మీద రాళ్ళతో పిరమిడ్ కట్టి, కొసన ఒక లోహపు ఒంటెను నిలిపింది. ఇక్కడికి వచ్చేవాళ్ళు తప్పకుండా చూసే చోటు ఇదే.

రాళ్ళ సంత

చక్రాల మీద చలికాలం గడపడం క్వార్ట్‌సైట్‌లో పుట్టిన అలవాటు కాదు. పియర్స్ యారో కంపెనీ 1910లోనే నిద్రపోయే సదుపాయమున్న కారును ప్రదర్శించింది. 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో ‘టిన్ కాన్ టూరిస్ట్స్’ అనే సంఘం ఏర్పడింది. పెన్షన్లు స్థిరపడి, రోడ్లు బాగుపడి, 1966లో విన్నెబేగో కంపెనీ మోటారు ఇళ్ళను పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టాక ఈ అలవాటు సామాన్యులకు అందింది.

అరిజోనాలో ఎండ కాసే ఊళ్ళు చాలానే ఉన్నాయి. జనాన్ని క్వార్ట్‌సైట్‌కు రప్పించినవి రాళ్ళు. చుట్టుపక్కల కొండల్లో స్ఫటికాలు, అగేటు, జాస్పర్ దొరుకుతాయి. 1965లో ఊరివాళ్ళు ‘క్వార్ట్‌సైట్ ఇంప్రూవ్‌మెంట్ అసోసియేషన్’ పెట్టుకుని, 1967లో ‘పౌ వౌ’ పేరుతో రత్నాలు, ఖనిజాల ప్రదర్శన జరిపారు. ఏటా జనవరిలో సాగే ఆ ప్రదర్శన చుట్టూ మరికొన్ని సంతలు పుట్టుకొచ్చాయి. ముడి రాయి, సానపట్టిన రాయి, పాత పనిముట్లు, సోలార్ పలకలు, వాడేసిన టోపీలు అన్నీ అమ్మకానికి వస్తాయి. 1980ల నుంచి జనవరి చివర్లో ‘బిగ్ టెంట్’ కింద జరిగే ఆర్‌వీ ప్రదర్శన వీటన్నిటినీ మించిపోయింది. ఒక ముక్కలో చెప్పాలంటే ఊరు తిరునాళ్ళు పెట్టుకోలేదు, తిరునాళ్ళే ఊరిని నిలబెట్టాయి. 1989లో గానీ క్వార్ట్‌సైట్‌కు పట్టణ హోదా రాలేదు.

లా పోసా మైదానం

ఊళ్ళో కరెంటు, నీళ్ళు, మురుగు గొట్టం ఉన్న ప్రైవేటు ఆర్‌వీ పార్కులు చాలా ఉన్నాయి. అయితే అసలు జనం దిగేది ఊరి దక్షిణాన ఉన్న ప్రభుత్వ భూమిలో. 1970లలో ఎక్కడపడితే అక్కడ బండ్లు ఆపడంతో ఎడారి నేల దెబ్బతినసాగింది. ఆ భూమి బాధ్యత చూసే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ 1983లో తెలివైన పని చేసింది. వచ్చేవాళ్ళను తరమకుండా, కాలిఫోర్నియా, అరిజోనా ఎడారుల్లో కొన్ని చోట్లను దీర్ఘకాల విడిదులుగా గుర్తించి మిగతా నేలను కాపాడింది. క్వార్ట్‌సైట్ దగ్గరి లా పోసా 11,000 ఎకరాలకు పైబడిన విడిది. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఏడు నెలలకు రుసుము చాలా ఏళ్ళపాటు 180 డాలర్లే. ఈ విడిదుల బయట ప్రభుత్వ భూమిలో ఉచితంగానే ఉండవచ్చు గానీ 14 రోజులకు మించి ఒకేచోట కుదరదు.

ఆ డబ్బుకు దొరికేది గులకరాళ్ళ నేల, తాగునీటి కుళాయి, చెత్త వేసే చోటు, బండి మురుగు పారబోసే కేంద్రం. కరెంటు ఎవరిది వాళ్ళే పుట్టించుకోవాలి. ఇంటి కప్పుల మీద సోలార్ పలకలు మామూలు కాకముందే ఇక్కడి ముసలివాళ్ళు బండ్ల మీద వాటిని బిగించి, బ్యాటరీల లెక్కలు ఒకరికొకరు నేర్పుకున్నారు.

కాలక్షేపాలు

ఇక్కడి వినోదంలో టికెట్ కొనేది తక్కువ, ఎవరికి వారు కల్పించుకునేదే ఎక్కువ. పొద్దున రాళ్ళ వేట. దక్షిణాన 1939లో కొమ్ముగొర్రెల రక్షణ కోసం ఏర్పడ్డ కోఫా అభయారణ్యంలో క్రిస్టల్ హిల్ అనే చోట నేల మీద కనబడ్డ స్ఫటికాలను ఏరుకోవచ్చు, తవ్వకూడదు. అదే అభయారణ్యంలోని పామ్ కాన్యన్‌లో, కొండ చీలిక నీడన, సహజంగా పెరిగిన తాటిజాతి చెట్లున్నాయి. మెటల్ డిటెక్టర్లు పట్టుకుని పాత గనుల దారుల్లో తిరిగేవాళ్ళు కొందరు, ఇసుక జల్లించి బంగారపు రవ్వలు వెతికేవాళ్ళు కొందరు. దొరికేదానికన్నా పెట్రోలు ఖర్చే ఎక్కువైనా ఎవరూ మానరు. ఏరిన రాళ్ళను కోసి సానపట్టడానికి క్లబ్బుల యంత్రాలుంటాయి. వాటి పని నేర్పేది పాత సభ్యులే.

చిన్న జీపుల్లాంటి బండ్లలో మట్టి దారులు పట్టేవాళ్ళకు ఇష్టమైన గమ్యం, ఉత్తరాన పార్కర్ పట్టణానికి దగ్గర్లోని ‘డెసర్ట్ బార్’. 1983లో ఒక పాత గని శిబిరంలో మొదలైన ఈ పానశాల సూర్యశక్తితో నడుస్తుంది, చలికాలపు శని, ఆదివారాల్లోనే తెరుస్తారు. జనవరిలో హామ్ రేడియో అభిమానులు ‘క్వార్ట్‌ఫెస్ట్’ జరుపుతారు. సాయంత్రాలు గిటార్లు, ఫిడేళ్ళతో పాటల కచేరీ, తలా ఒక వంటకం తెచ్చుకునే విందు, పేకాట, నృత్యం. ఊళ్ళో చాలా కాలం సందర్శకుల నోళ్ళలో నానిన మనిషి పాల్ వైనర్. పియానో విద్వాంసుడు, గోచీ తప్ప ఏమీ కట్టకుండా పుస్తకాల దుకాణం నడిపేవాడు. 2019లో చనిపోయాడు.

సరదా, అవసరం

2008 ఆర్థిక మాంద్యం తర్వాత వచ్చేవాళ్ళ తీరు మారింది. ఇల్లు పోగొట్టుకుని, పెన్షన్ చాలక, వ్యానులోనే కాపురముండే పెద్దవాళ్ళు పెరిగారు. వాళ్ళకు మెలకువలు నేర్పడానికి బాబ్ వెల్స్ మొదలుపెట్టిన ‘రబ్బర్ ట్రాంప్ రాండెవూ’ పదుల మందితో ఆరంభమై కొన్నేళ్ళలో వేలకు చేరింది. జెస్సికా బ్రూడర్ 2017లో రాసిన ‘నోమాడ్‌ల్యాండ్’ పుస్తకం ఈ జీవితాలనే చెప్పింది. దాని ఆధారంగా క్లోయీ జావ్ తీసిన సినిమాకు 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. అందులో వెల్స్ తన పాత్రనే పోషించాడు. అంతకుముందు క్వార్ట్‌సైట్ అంటే రిటైరైనవాళ్ళ జల్సా అనుకునేవాళ్ళు. ఆ అభిప్రాయం తప్పు కాదు, అసంపూర్ణం. లక్షల డాలర్ల మోటారు ఇల్లూ, పరుపు వేసిన పాత వ్యానూ నేటికీ లా పోసాలో పక్కపక్కనే నిలుస్తాయి. రెంటికీ రుసుము ఒకటే.