పింగాణీ జంతు బొమ్మల పుట్టుకను గుర్తించడం

పాత జంతు బొమ్మ దొరికితే ఎవరైనా ముందు తిరగేసి అడుగున ముద్ర వెతుకుతారు. వెతకాల్సిందే, కానీ ముద్రలు బొంకుతాయి.

జర్మనీలోని మైసెన్ కర్మాగారం 1710లో మొదలైంది. ఒకదానిపై ఒకటి అడ్డంగా ఉన్న రెండు నీలి కత్తులు 1720ల నుంచి దాని గుర్తు. 1731లో అక్కడ చేరిన శిల్పి కెండ్లర్ పక్షులను, జంతువులను జీవకళ ఉట్టిపడేలా మలిచాడు. గిరాకీ పెరిగితే నకళ్లు పుట్టవా? 19వ శతాబ్దంలో పారిస్‌లోని శాంసన్ సంస్థ మైసెన్ నమూనాలను అచ్చుగుద్దినట్టు దించింది. కత్తులను పోలిన గుర్తులు మరికొందరూ వేసుకున్నారు.

ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్ కుక్కలది ఇంకో చిక్కు: చాలావాటికి ముద్రే ఉండదు. వీటిలో ఎక్కువ భాగం అసలు పింగాణీ కూడా కాదు, గ్లేజు పూసిన మట్టి బొమ్మలు. విక్టోరియా కాలంలో మట్టిని అచ్చుల్లో చేత్తో అదిమి, భాగాలను అతికేవారు. గాలి పోవడానికి చిన్న బెజ్జం మాత్రమే ఉంచేవారు. తర్వాతి నకళ్లను పలుచని మట్టిద్రవం పోసి చేశారు కాబట్టి అవి తేలిగ్గా ఉంటాయి, చాలాసార్లు అడుగున పెద్ద రంధ్రం కనిపిస్తుంది.

దేశం పేరు మంచి ఆధారం. అమెరికా 1890లో చేసిన చట్టం వల్ల 1891 నుంచి దిగుమతి సరుకుపై అది తప్పనిసరైంది. ‘ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటే ఆ బొమ్మ రెండో ప్రపంచయుద్ధం తర్వాత, 1952 లోపు చేసినదని అర్థం. దేశం పేరు లేనంత మాత్రాన బొమ్మ 1891 కంటే పాతదని మాత్రం అనుకోకూడదు. అమెరికాకు వెళ్లని సరుకుకు ఆ నియమం వర్తించలేదు.