ఒక దత్తుడు గెలిచాడు, ఒక దత్తుడు ఓడాడు: చిన్న కిమిడి, పిఠాపురం దావాలు

ఆస్తిలో పాలు పంచుకునే సాటి బంధువుని మనవాళ్లు తలా ఒక మాటతో పిలుస్తారు. పుస్తకాల్లో దాయాది. పల్లెల్లో పాలోళ్లు. తమిళనాట తరతరాలుగా ఉన్న తెలుగిళ్లలో పంగాళి అన్న మాట కూడా వినిపిస్తుంది. మూడూ విడదీసి చూడండి. దాయం అంటే వారసత్వపు సొత్తు, పాలు అంటే వాటా, తమిళంలో పంగు అన్నా వాటాయే. చుట్టరికానికి మన భాష పెట్టుకున్న పేరు లెక్కల పేరన్నమాట. బ్యాంకులో లెడ్జర్ల మధ్య బతికినవాణ్ని కాబట్టి నాకు ఇది భలే నచ్చుతుంది.

అయితే వాటా ఎంత అన్నది రెండో ప్రశ్న. "అసలు వీడు వారసుడేనా?" అన్నది మొదటిది. ఆ మొదటి ప్రశ్న మీద లండన్ దాకా వెళ్లిన రెండు పాత దావాల గురించి ఇవాళ చెప్తాను. రెండూ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీవే.

మొదటిది గంజాం జిల్లా చిన్న కిమిడిది. ఇప్పుడది ఒడిశా. పర్లాకిమిడి, పెద్ద కిమిడి, చిన్న కిమిడి అని మనం అనే మూడు జమీల్లో ఇది ఒకటి. ఒడియాలో "బడ" అంటే పెద్ద, "సాన" అంటే చిన్న. నేడు సానఖెముండి అనే పేరు మన చిన్న కిమిడే. జమీందార్లు ఒడియా గజపతుల వంశంవారు. కానీ దావా నడిచింది మద్రాసు కోర్టుల్లో, దక్షిణాదికి చెల్లే హిందూ ధర్మశాస్త్రం ప్రకారం.

జమీందారు ఆదికొండ దేవు 1868లో కొడుకు లేకుండా పోయారు. ఇలాంటి జమీలు పంపకానికి రావు, మొత్తం ఒక్కడికే పోతాయి. సవతి తమ్ముడు రఘునాథ దేవు జమీని స్వాధీనం చేసుకున్నారు. రెండేళ్ల తర్వాత, 1870లో, ఆదికొండ దేవు భార్య పెద్ద కిమిడి కుటుంబంలోని పిల్లవాణ్ని దత్తత తీసుకున్నారు. దత్తతకి భర్త రాసి ఇచ్చిన అనుమతి పత్రం తన దగ్గర ఉందన్నారు. మరిది ఆ పత్రం చెల్లదని పోరాడారు.

1876లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు దత్తత వైపే వచ్చింది. రెండేళ్లు ఆలస్యంగా ఇంట్లో అడుగుపెట్టిన పిల్లవాడు, అప్పటికే జమీ అనుభవిస్తున్న పినతండ్రి చేతిలోంచి దాన్ని తీసుకున్నాడు. అప్పటి న్యాయం ప్రకారం దత్తుడు పోయినాయన కొడుకుగానే లెక్క. కొడుకు వచ్చాక తమ్ముడు పక్కకి జరగాల్సిందే. భర్త అనుమతి లేకపోయినా దగ్గరి సపిండుల సమ్మతితో విధవ దత్తత తీసుకోవచ్చని 1868లో రామనాథపురం దావాలోనే ప్రీవీ కౌన్సిల్ చెప్పి ఉంది. కానీ సమ్మతి ఇవ్వాల్సిన చుట్టమే ఎదురు నిలిస్తే ఆ ఇల్లాలి చేతిలో మిగిలేది కాగితం ఒక్కటే కదండీ.

రెండోది గోదావరి జిల్లా పిఠాపురం జమీ. రాజా గంగాధర రామారావు 1873లో ఒక పిల్లవాణ్ని దత్తత తీసుకున్నారు. పన్నెండేళ్ల తర్వాత, 1885లో, కొడుకు పుట్టాడని ప్రకటించారు. 1890లో రాజా పోయారు. జమీ ఆ చిన్నవాడికే చెందాలని వీలునామా రాసి మరీ పోయారు. దత్తపుత్రుడు కోర్టుకెక్కారు. ఆయన వాదన రెండు ముక్కలు. ఆ పిల్లవాడు రాజాకి పుట్టినవాడు కాడు. ఒకవేళ అయినా, పంపకం లేని జమీని వీలునామాతో ఇష్టం వచ్చినవాడికి రాసే అధికారం రాజాకి లేదు.

1899లో ప్రీవీ కౌన్సిల్ దత్తపుత్రుడి దావా కొట్టేసింది. తీర్పు నిలబడింది పుట్టుక మీద కాదు, వీలునామా మీద. పంపకం లేని జమీలో మిగతావాళ్లకి పుట్టుకతో వచ్చే హక్కు లేదు కాబట్టి రాజా ఎవరికైనా రాయవచ్చునంది. అక్కడితో అయిపోలేదు. దత్తపుత్రుడి కొడుకు మనోవర్తి కోసం మళ్లీ వెళ్తే 1918లో అదీ ఇవ్వలేదు. జమీందార్లు ఇలా ఎవరికి పడితే వారికి రాసేస్తే పాత జమీలు చెదిరిపోతాయన్న భయంతో 1904లో మద్రాసు ప్రభుత్వం వాటి అన్యాక్రాంతాన్ని కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది.

చూడండి, ఒకచోట దత్తుడు కాగితంతో గెలిచాడు, ఇంకోచోట దత్తుడు కాగితంతోనే ఓడాడు. మా బ్యాంకులో భూమి తనఖా పెట్టుకునేటప్పుడు లింకు దస్తావేజులు, వారసుల ధ్రువపత్రం అడిగితే "ఊరంతా ఎరుగును మేం ఎవరి పిల్లలమో" అని చాలామంది కోప్పడేవారు. ఊరు ఎరిగినది ఊరి పొలిమేర దాకానే పనిచేస్తుంది. రాష్ట్రం దాటి స్థిరపడ్డ మనకి ఇది మరీ ముఖ్యం. తాత పుట్టిన ఊరు ఒక రాష్ట్రం, భూమి ఇంకో రాష్ట్రం, కాగితాలు మూడో లిపిలో ఉంటాయి.

చట్టం ఇప్పుడు మారింది. 1956 దత్తత చట్టం ప్రకారం విధవ ఎవరి అనుమతీ లేకుండా దత్తత తీసుకోవచ్చు. కానీ అప్పటికే వేరొకరికి సంక్రమించిన ఆస్తిని ఆ దత్తుడు లాక్కోలేడు. అంటే చిన్న కిమిడి కథ ఈరోజు జరిగితే ముగింపు వేరుగా ఉండేది. చెల్లని పెళ్లికి పుట్టిన పిల్లలకి కూడా తల్లిదండ్రుల వాటాలో హక్కు ఉంటుందని, ఉమ్మడి ఆస్తిలో తండ్రికి రావాల్సిన పాలుకి కూడా అది వర్తిస్తుందని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. పెద్దల తప్పుకి పిల్లల్ని వెలివేసే రోజులు కొంతైనా పోతున్నాయి.

మన భాషకి సంబంధించిన కొసమెరుపు ఒకటుంది. పుట్టుక మీద దావా పడిన ఆ పిఠాపురం చిన్నవాడే తర్వాత రాజా సూర్యారావు. శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు ఆయన పేరు మీదే ఉంది. దాన్ని నడిపించిన జయంతి రామయ్య పంతులు గ్రాంథికవాది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి ఏళ్ల తరబడి ఉన్నది కిమిడి సీమలోని పర్లాకిమిడిలో. 1936లో అది ఒరిస్సాలో కలిసినప్పుడే ఆయన ఊరు వదిలారు.

నిఘంటువులకి ఎక్కని మన మాటలు ఎక్కువగా పాత పంపకపు కాగితాల్లో, కోర్టు వాంగ్మూలాల్లో మిగిలి ఉన్నాయి. మీ ఇంటి పెట్టెలో అలాంటివుంటే పాత కాగితాలవాడికి వెయ్యకండి. ఫోటో తీసి ఉంచండి. భూమి ఎప్పుడో చేతులు మారిపోయి ఉండొచ్చు. సరిహద్దులు చెప్పడానికి మీ ముత్తాత వాడిన మాటలు మాత్రం ఇంకా మీ పాలుకే ఉన్నాయి.