పాత బండి అమ్మిండు సరే, చెప్పిన మాటకు జవాబుదారి ఎవలు?

"ఒక్కటే ఓనర్ అన్నా. డాక్టర్ సాబ్ బండి. దవాఖాన నుంచి ఇంటికి, ఇంటి నుంచి దవాఖానకు తప్ప యాడికీ పోలె. నలబై వేలే తిరిగింది. కండ్లు మూస్కొని తీస్కపో."

పాత కారు కొనేటందుకు డీలర్ కాడికి పోయినోళ్లకు ఈ ముచ్చట కొత్త కాదు. చిట్టీ ఎత్తిన పైసలో, ఇంట్ల బంగారం కుదువ పెట్టి తెచ్చిన పైసలో పెట్టి బండి తెచ్చుకుంటరు. పదిహేను రోజులు గడవకముందే అది పొగ కక్కుడు షురూ చేస్తది. మెకానిక్ బానెట్ లేపి చూసి, "ఇంజన్ విప్పి బిగించిన బండి ఇది. మీటర్ గూడ వెనుకకు తిప్పిండ్రు" అంటడు. మల్ల డీలర్ కాడికి పోతే మాట మారుతది. "పాత బండికి గ్యారంటీ ఏంది అన్నా? నడిపి చూసుకునే కదా కొన్నవ్!"

ఈ ఒక్క మాట విని మస్తు మంది గమ్మున ఇంటికొస్తరు. పైసలు పోయినట్టే అనుకుంటరు. కానీ చట్టం గట్ల చెప్తలేదు. పాత బండి పాతగ ఉండుడు తప్పు కాదు. దాని గురించి అబద్ధం చెప్పి, అసలు సంగతి దాచిపెట్టి అమ్ముడు తప్పు. కేసు మొత్తం ఈ తేడా మీదనే నడుస్తది.

అరుగుడు వేరు, లోపం వేరు

ఇప్పుడు నడుస్తున్నది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. 2020 జులై 20 నుంచి అమలైతున్నది. అంతకుముందు 1986 నాటి చట్టం ఉండేది. ఈ చట్టంల "సరుకు" అంటే కొత్తదే కావాలని ఏడ లేదు. పాత కారు గూడ సరుకే, దాన్ని పైసలిచ్చి కొన్నోడు గూడ వినియోగదారుడే.

"లోపం" అనే మాటకు చట్టం ఇచ్చిన అర్థం జర మనసుల పెట్టుకోవాలె. సరుకు నాణ్యత చట్టం ప్రకారం, ఒప్పందం ప్రకారం ఎట్ల ఉండాల్నో అట్ల లేకపోతే లోపమే. అంతే కాదు, వ్యాపారి ఏ రకంగనన్న సరే "ఇది గిట్లుంటది" అని చెప్పుకున్నడనుకో, అట్ల లేకపోయినా లోపమే. లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగిన బండి టైర్లు, క్లచ్ అరిగినయంటే అది అరుగుడు. అదే బండిని నలబై వేలే తిరిగిందని చెప్పి అమ్మితే అది లోపం, దాంతోపాటు అన్యాయపు వ్యాపార పద్ధతి గూడ.

డీలర్ చెప్పే "చూసుకునే కొన్నవ్" అనే మాటకు కొంత బలం లేకపోలేదు. 1930 సరుకుల అమ్మకం చట్టం ప్రకారం, కొనేటోడు సరుకును పరీక్ష చేసి చూస్తే, ఆ పరీక్షల కనవడాల్సిన లోపాల గురించి తర్వాత అడుగుడు కష్టం. సీటు చినిగింది, డోర్ మీద గీత పడ్డది అని కొన్నంక లొల్లి పెడితే నడవదు. కానీ ఛాసిస్ కోసి అతికించిన బండి, మీటర్ తిప్పిన బండి, వరదల మునిగిన బండి పావుగంట టెస్ట్ డ్రైవ్‌ల యాడ తెలుస్తది? గక్కడ డీలర్ తప్పించుకునుడు కష్టం.

వరద బండ్ల సంగతి మన దగ్గర చిన్నది కాదు. 2020 అక్టోబర్‌ల హైదరాబాద్ కాలనీలు మునిగినయ్. 2024 సెప్టెంబర్‌ల మున్నేరు పొంగి ఖమ్మం, బుడమేరు పొంగి విజయవాడ మునిగినయ్. మునిగిన బండికి పూర్తి నష్టం కింద ఇన్సూరెన్స్ కంపెనీ పైసలు కట్టిస్తది, ఆ బండి వేలానికి పోతది. అట్లాంటివి కడిగి, తుడిచి మల్ల అమ్మకానికి పెట్టే అవకాశం ఉంటది. అందుకే సీట్ బెల్ట్‌ను కొసదాక గుంజి చూడున్రి, లోపలి భాగంల బురద మరక దొరుకుతది. సీటు కింది పట్టాలకు తుప్పు, కార్పెట్ కింద ముక్క వాసన, హెడ్‌లైట్ల లోపట చెమ్మ గూడ గుర్తులే. మునిగిన బండి అని చెప్పి, తక్కువ ధరకు అమ్మితే అది వ్యాపారం. చెప్పకుండ అమ్మితే మోసం.

కాయితంల డీలర్ ఉన్నడా?

మనోళ్లు ఎక్కువగ దెబ్బ తినేది ఈడనే. బేరం ఆడేది డీలర్, పైసలు తీసుకునేది డీలర్. కానీ ఫారం 29, ఫారం 30 మీద ఉండేది పాత ఓనర్ సంతకం, మీ సంతకం. ఆర్సీ సీదా ఆయన పేరు నుంచి మీ పేరుకు మారుతది. డీలర్ పేరు యాడ కనవడదు. రేపు లొల్లి అయితే "నేను నడుమ మనిషిని, ఓనర్‌నే అడుగుపో" అంటడు.

ఈ సందు మూసేటందుకే కేంద్రం మోటారు వాహన నియమాలు మార్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లు రవాణా అధికారుల నుంచి అనుమతి పత్రం తీసుకోవాలె. అది ఐదేండ్లు చెల్లుతది. ఓనర్ బండిని డీలర్‌కు అప్పజెప్పినప్పుడు ఆ సంగతి ఆన్‌లైన్‌ల తెలియజెయ్యాలె. గప్పటి నుంచి ఆ బండికి డీలర్‌నే ఓనర్‌గ లెక్కిస్తరు. "అన్నా, నీ అనుమతి పత్రం ఒకసారి చూపియ్యి" అని అడుగుడు మీ హక్కు. నీళ్లు నమిలితే ఆ దుకాణం దిగి రావుడే మంచిది.

బిల్లు లేకుండ కొనకున్రి. "బిల్లు కావాల్నంటే మొత్తం ధర మీద జీఎస్టీ కట్టాలె" అని బెదిరిస్తరు. రిజిస్టరైన డీలర్‌కు పాత బండి మీద 18 శాతం పన్ను ఉన్నమాట నిజమే. కానీ మార్జిన్ పద్ధతిల అది బండి మొత్తం ధర మీద కాదు, కొన్న ధరకు అమ్మిన ధరకు నడుమ ఆయనకు మిగిలిన దాని మీద. బిల్లు ఇయ్యకపోవుడు గూడ చట్టం ప్రకారం అన్యాయపు వ్యాపార పద్ధతే. పైసలు ఆయన సొంత ఖాతాల కాకుండ దుకాణం ఖాతాల ఎయ్యున్రి, టోకెన్ ఇచ్చినా రసీదు తీసుకోన్రి.

ఆన్‌లైన్ కంపెనీల కొంటే 2020 ఈ-కామర్స్ నియమాలు గూడ వర్తిస్తయి. ఫిర్యాదుల అధికారి పేరు కంపెనీ బయట పెట్టాలె. 48 గంటలల్ల ఫిర్యాదు అందిందని చెప్పాలె, నెలల పరిష్కరించాలె.

ఇగ పక్కింటాయన తన సొంత బండి అమ్మితే ఈ దారి మామూలుగ ఉండదు, ఆయన వ్యాపారి కాదు కాబట్టి. మోసం చేస్తే 1872 కాంట్రాక్టు చట్టం కింద సివిల్ కోర్టుకు పోవాలె, లేకుంటే పోలీసులకు ఫిర్యాదు చెయ్యాలె.

మరి ట్యాక్సీ నడుపుకునేటందుకు కొన్న డ్రైవర్ సంగతేంది? "ఇది వ్యాపారం కోసం కొన్న బండి, నువ్వు వినియోగదారుడివి కావు" అని డీలర్ వకీలు వాదిస్తడు. కానీ సొంతంగ నడుపుకొని బతుకుదెరువు కోసమే కొన్నోడు వినియోగదారుడే అని చట్టంలనే రాసి ఉన్నది.

పైసలు ఇయ్యకముందు

నోటితోని చెప్పిన ప్రతి మాటను రాతల పెట్టించాలె. గట్టి కాయితం మీద రాయనంటే కనీసం వాట్సాప్‌ల పంపున్రి: "అన్నా, మీరు చెప్పినట్టు బండి నలబై వేలు తిరిగింది, యాక్సిడెంట్ కాలేదు, నీళ్లల్ల మునగలేదు, ఒక్కటే ఓనర్. కరెక్టేనా?" ఆయన "అవును" అంటే ఆ ముచ్చటను ఫోన్‌ల నుంచి తుడిచెయ్యకున్రి. రేపు మీకు అదే సాక్ష్యం.

ఎంపరివాహన్‌ల బండి నంబర్ కొట్టి ఎన్నో ఓనర్, లోన్ ఉన్నదా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాక అని చూడున్రి. లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 కావాలె. కంపెనీ సర్వీస్ సెంటర్ల పాత సర్వీసుల రికార్డు తీయిస్తే మీటర్ తిప్పిన సంగతి చాలాసార్లు గక్కడనే బయటపడ్తది. ఢిల్లీ బండి సస్తగ వస్తున్నదంటే ఎన్‌వోసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్కెయ్యున్రి.

బండి ఆగినంక

ముందుగాల తొందరపడి రిపేర్ చేయించకున్రి. రిపేర్ అయితే సాక్ష్యం పోయినట్టే. ఫొటోలు, వీడియో తీసి, కంపెనీ సర్వీస్ సెంటర్ల చూపించి, లోపం ఏంది, అది ఎప్పటి నుంచి ఉండొచ్చు అనేది రాతల తీసుకోన్రి. నిపుణుడి రిపోర్ట్ లేకపోతే మంచి కేసు గూడ వీగిపోవచ్చు.

తర్వాత డీలర్‌కు స్పీడ్ పోస్టుల నోటీసు పంపున్రి. 1915 నంబర్‌కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ డీలర్‌తోని మాట్లాడి రాజీకి ప్రయత్నం చేస్తది. అక్కడ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. డీలర్ యాడున్నా సరే, మీరు ఉండే జిల్లాలనే కేసు ఎయ్యొచ్చు. నిజామాబాద్ మనిషి హైదరాబాద్‌ల కొన్నా నిజామాబాద్‌లనే ఎయ్యొచ్చు. 50 లక్షల దాక ఇచ్చి కొన్న సరుకుల కేసులు జిల్లా కమిషనే చూస్తది. బండి ధర 5 లక్షల లోపయితే ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షలయితే 200 రూపాయలు, 20 లక్షల దాక 400. వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేండ్లు, కానీ గన్ని రోజులు ఆగకున్రి. ఆలస్యమైతే "నువ్వే నడిపి ఖరాబు చేసినవ్" అంటరు.

డీలర్ 30 రోజులల్ల, మహా అంటే ఇంకో 15 రోజులల్ల జవాబు దాఖలు చెయ్యాలె. లోపం పరీక్షతోనే తేలేదయితే కమిషన్ పరీక్షకు పంపిస్తది, ఆ ఫీజు ముందు మీరు కట్టాలె. మీ మాట నిజమని తేలితే లోపం సరిచెయ్యమనొచ్చు, ధర తిరిగి ఇయ్యమనొచ్చు, నష్టపరిహారం ఇప్పియ్యొచ్చు. ఆర్డర్ లెక్కచెయ్యని డీలర్‌కు నెల నుంచి మూడేండ్ల దాక జైలు, లేదా 25 వేల నుంచి లక్ష దాక జుర్మానా పడొచ్చు.

కేసు మూడు నెలలల్ల, పరీక్ష అవసరమైతే ఐదు నెలలల్ల తేల్చాలని చట్టంల ఉన్నా, నిజానికి ఎక్కువ కాలమే పడ్తది. ఓపిక కావాలె. అందుకే సర్కారు చెయ్యాల్సిన పని ఒకటున్నది. డీలర్ అనుమతి పత్రాన్ని ప్రతి దుకాణం ముంగట కనవడేటట్టు పెట్టించాలె, అది లేకుండ అమ్మేటోళ్ల మీద రవాణా అధికారులు తనిఖీలు చెయ్యాలె. మోసపోయినంక కమిషన్ల చుట్టు తిరిగేకన్నా మోసం కాకముందే ఆపుడు నయం.

అందాక మన జాగ్రత్త మనదే. "డాక్టర్ సాబ్ బండి" అని ఎవలన్న అంటే, "మంచిదన్నా, గదే ముచ్చట బిల్లు మీద రాసియ్యి" అనున్రి. రాసిచ్చినోని కాడ కొనున్రి. రాయనన్నోనికి బండి సంగతి మీకన్నా ఎక్కువనే తెలుసు.