వంకర పాదము – దాని చికిత్సా చరిత్ర

బిడ్డ పుట్టగనే ఇంటిలోని పెద్దలు ముందుగా చూచునది కాళ్ళు, చేతులు సరిగా ఉన్నవా లేవా అని. దాదాపు వేయి మంది శిశువులలో ఒకరికి పాదము లోపలికి మెలితిరిగి యుండును. మడమ పైకి లేచి, అరికాలు లోపలివైపునకు తిరిగి, పాదపు ముందు భాగము రెండవ కాలివైపునకు వంగి, నడుమ గుంట పడి కనిపించును. దీనిని వంకర పాదమనియు, వైద్యుల భాషలో క్లబ్ ఫుట్ అనియు అందురు. ఇట్టి శిశువులలో ఇంచుమించు సగము మందికి రెండు పాదములును ఇట్లే ఉండును. ఆడపిల్లలలో కంటె మగపిల్లలలో ఇది సుమారు రెట్టింపు.

చికిత్స జరుగనిచో బిడ్డ పెరిగిన కొలది పాదపు వెలుపలి అంచుపైన, కొందరైతే మీగాలిపైననే నడువవలసి వచ్చును. అచ్చటి చర్మము కాయలు కాచి పుండ్లు పడును. మామూలు చెప్పులు తొడుగుకొనుటకు వీలుండదు. జీవితమంతయు కుంటుచు గడపవలసినదే.

గర్భిణి గ్రహణ సమయమున కదలుటవలన బిడ్డకు ఇట్టి వైకల్యము కలుగునని మన పల్లెలలో చెప్పుకొనుట కలదు. గ్రహణమునకును దీనికిని ఎట్టి సంబంధమును లేదు. తల్లి చేసిన తప్పును ఏమియు లేదు. వంశపారంపర్యముగా వచ్చు జన్యువులకు ఇందులో కొంత పాత్ర ఉన్నదని తేలినది గాని, పూర్తి కారణము ఇంకను తెలియలేదు. కారణము తెలియకున్నను చికిత్స తెలిసినది. ఆ చికిత్స మానవునకు చిక్కి, చేజారి, మరల చిక్కిన తీరు మనము తెలిసికొనదగినది.

హిపోక్రటీసు చెప్పిన మూడు సంగతులు

క్రీ. పూ. 5 వ శతాబ్దిలో పుట్టిన గ్రీకు వైద్యుడు హిపోక్రటీసు పేరిట కీళ్ళను గూర్చిన గ్రంథమొకటి ఉన్నది. వంకర పాదములలో చాలవరకు నయమగునవే యని అందులో కలదు. అందులోని బోధ మూడు మాటలలో ఇమిడిపోవును. మొదటిది, చికిత్సను పసితనముననే ఆరంభింపవలెను. రెండవది, మైనపు బొమ్మ చేయువాడు మైనమును ఒత్తి మలచినట్లు పాదమును చేతితో మెల్లగా సరిదిద్దవలెను. మూడవది, సరిదిద్దిన పాదము మరల వంగకుండ కట్టుకట్టి, తరువాత తగిన పాదరక్షలు తొడిగి నిలుపవలెను. ఎముకను, కీలును ఎక్స్ రే కిరణములతో చూడగలిగిన కాలము కాదది. అయినను ఈ మూడును నేటికిని నిలిచినవి.

తరువాతి శతాబ్దులలో ఐరోపాలో ఈ ఓర్పు సన్నగిల్లినది. ఇనుప పట్టీలు, మరలు, చెక్క యంత్రములు వాడుకలోనికి వచ్చినవి. 18 వ శతాబ్దిలో చెసెల్డెన్ అను ఆంగ్ల శస్త్రవైద్యుడు కోడిగ్రుడ్డు తెల్లసొన, పిండి కలిపి తడిపిన గుడ్డతో కట్లు కట్టెడివాడు. అవి ఆరి గట్టిపడి పాదమును నిలిపి ఉంచెడివి. 1803 లో ఇటలీ దేశీయుడు స్కార్పా ఈ పాదముల నిర్మాణమును వర్ణించి, వానిని సరిచేయుటకు ఒక ప్రత్యేక పాదరక్షను రూపొందించెను.

కత్తి వచ్చినది

పిక్క కండరమును మడమ ఎముకతో కలుపు త్రాడువంటి భాగమును స్నాయువు అందురు. వంకర పాదమున ఇది పొట్టిదై, మడమను పైకి లాగి పట్టుకొని యుండును. 1831 లో జర్మనీలోని హానోవరునందు స్ట్రోమేయరు అను వైద్యుడు చర్మమునకు చిన్న రంధ్రము మాత్రము చేసి, సన్నని కత్తితో ఈ స్నాయువును కోసెను. చీమును అరికట్టు ఉపాయములు ఎరుగని ఆ దినములలో పెద్ద గాయమనిన ప్రాణాపాయమే. గాయము చిన్నదగుటచేత ఈ పద్ధతి సురక్షితమైనది. లండను వైద్యుడు విలియం జాన్ లిటిల్ చిన్ననాటి వ్యాధివలన తన పాదమే వంకరపోగా, స్ట్రోమేయరు వద్దకు పోయి 1836 లో శస్త్రచికిత్స చేయించుకొనెను. స్వదేశమునకు తిరిగివచ్చి ఈ విద్యను ప్రచారము చేసి, 1838 లో లండనులో ఇట్టి రోగులకు ఒక చికిత్సాలయమును స్థాపించెను.

1846 లో ఈథరు మత్తు, 1867 లో లిస్టరు క్రిమినాశక పద్ధతి వెలువడిన పిదప కత్తికి ధైర్యము హెచ్చినది. ఒక స్నాయువుతో ఆగక, కీళ్ళను తెరచి పెక్కు బంధనములను కోయ నారంభించిరి. మరికొందరు మరచుట్టువంటి ఇనుప సాధనములతో పాదమును బలముగా త్రిప్పి సరిచేసెడివారు. పాదము ఆ నిమిషమున తిన్నగా కనబడెడిది. కాని కోసిన చోటను, నలిగిన చోటను గట్టి మచ్చ కండ ఏర్పడి, కీళ్ళు బిగిసి, పాదము మరల వంగెడిది.

ఓర్పు మరల వచ్చినది

1852 లో డచ్చి సైనిక వైద్యుడు మాథైసెన్ పారిస్ ప్లాస్టరు కట్టును ప్రకటించి యుండెను. 20 వ శతాబ్ది ప్రథమార్ధమున అమెరికాలో కైట్ అను వైద్యుడు బలప్రయోగమును విడిచి, ప్లాస్టరు కట్లతోనే మెల్లగా సరిదిద్దవలెనని బోధించెను. ఉద్దేశము మంచిదే గాని, ఆయన వ్రేలు ఉంచిన చోటు సరియైనది కాదు. పాదపు వెలుపలి అంచు నడుమ ఒత్తుటచేత మడమ ఎముక తిరుగుటకు వీలు లేకపోయెను. తెరువవలసిన తలుపునకు కాలు అడ్డుపెట్టి లాగినట్లయినది. అందువలన చికిత్స నెలల తరబడి సాగెడిది.

ఈ చిక్కును విప్పినవాడు ఇగ్నేషియో పోన్సెటి. ఈయన 1914 లో స్పెయిను దేశపు మినోర్కా ద్వీపమున జన్మించెను. అంతర్యుద్ధమున గాయపడిన సైనికులకు చికిత్స చేసి, ఓటమి పిదప ఫ్రాన్సుకును, అటనుండి మెక్సికోకును వలసపోయి, 1941 లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చట పూర్వము శస్త్రచికిత్స పొందిన రోగులను పిలిపించి పరీక్షించెను. వారి పాదములు బిగిసి బలహీనములై యుండెను.

శిశువు పాదమును ఆయన శ్రద్ధగా అధ్యయనము చేసెను. ఆ వయస్సున ఎముకలు చాలవరకు మెత్తని మృదులాస్థియే. ఎముకలను కలుపు బంధనముల నూలుపోగులు అలలవలె మడతలు పడి యుండును. మెల్లగా లాగినచో మడతలు విచ్చును. కొన్ని దినములలో మరల మడతలు పడును, మరల సాగదీయవచ్చును. చీలమండలోని టాలస్ అను ఎముకను వెలుపలి ప్రక్కనుండి బొటనవ్రేలితో ఆపి, మిగిలిన పాదమునంతను దాని చుట్టు వెలుపలికి త్రిప్పవలెనని ఆయన గ్రహించెను. వారమునకొక మారు ఇట్లు సరిదిద్ది, తొడవరకు ప్లాస్టరు వేయుదురు. అయిదారు కట్లతో పాదము చాలవరకు చక్కబడును. చివరకు పలువురు శిశువులకు స్ట్రోమేయరు చేసినట్లే మడమ స్నాయువును చిన్న గాటుతో కోసి, మూడు వారములు కట్టులో ఉంచుదురు. ఆ లోపల అది తగినంత పొడవున మరల అతుకుకొనును. పిదప ఒక కడ్డీకి బిగించిన పాదరక్షల జతను మూడు నెలలు ఇంచుమించు రేయింబవళ్ళును, తరువాత నాలుగైదేండ్ల వయస్సు వరకు నిద్రవేళలయందును తొడుగవలెను.

1963 లో పోన్సెటి ఫలితములను ప్రకటించినను వైద్యలోకము అంతగా పట్టించుకొనలేదు. 1971 లో టర్కో ప్రకటించిన పెద్ద శస్త్రచికిత్సయే బహుళ ప్రచారము పొందినది. అయోవా వైద్యులు సుమారు 30 ఏండ్లు గడచిన తమ రోగులను పరీక్షించి 1995 లో ఫలితములు ప్రకటించిరి. నూటికి 78 మంది పాదములు బాగుగా పనిచేయుచుండెను. పుట్టుకతో ఏ వైకల్యమును లేనివారిలో ఈ సంఖ్య 85. అప్పుడు లోకము కనులు తెరచినది. పోన్సెటి 2009 లో, తన 95 వ ఏట మరణించునాటికి ఈ పద్ధతి అనేక దేశములకు వ్యాపించెను.

మన కర్తవ్యము

మన దేశమున 2013 లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమునందు పుట్టుకతో వచ్చు లోపముల పట్టికలో వంకర పాదము చేరియున్నది. కావున చికిత్సకు మార్గము కలదు. చిక్కు వచ్చునది రెండు చోట్ల. పెరిగిన కొలది అదే సరియగునని ఊరకుండుట ఒకటి. పాదము చక్కబడినది గదా అని పాదరక్షలను ముందే మానివేయుట రెండవది. వంకర తిరిగివచ్చుటకు ఇదియే ముఖ్యకారణము. ఉపాధ్యాయులు, విద్యార్థులు తమ వీధిలో ఇట్టి పసిబిడ్డను చూచినచో, గ్రహణపు మాటలతో కాలము గడపక మొదటి వారములలోనే ఎముకల వైద్యునికి చూపింపుడని తల్లిదండ్రులకు చెప్పవలెను.

హిపోక్రటీసు చేయి, స్ట్రోమేయరు గాటు, మాథైసెన్ ప్లాస్టరు – ఇవన్నియు నేటి చికిత్సలో తమ తమ చోట నిలిచినవి. నిలువనిది తొందరపాటు ఒక్కటే. చికిత్స గొప్పదనమును ఆనాటి పాదపు రూపమును బట్టి కాక, ముప్పది ఏండ్ల తరువాత ఆ మనిషి నడకను బట్టి నిర్ణయింపవలెనని ఈ చరిత్ర మనకు నేర్పుచున్నది.