ఉచిత వైఫైలో వ్యవసాయ వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే ఏం చేయాలి?

వడగళ్ల వానకు పంట దెబ్బతింది. బీమా కోసం నష్టం వివరాలు నమోదు చేయాలి. ఊళ్లో సిగ్నల్ సరిగా లేదు, ఫోన్‌లో డేటా అయిపోయింది. పట్టణానికి వెళ్లి రైల్వే స్టేషన్‌లోనో, గ్రంథాలయంలోనో, హోటల్లోనో ఉచిత వైఫై కలిపారు. సైటు తెరిస్తే 'ఈ పేజీ చూడటానికి అనుమతి లేదు' అని వచ్చింది. ఇలా వచ్చినప్పుడు చాలామంది సైటు మూసేశారనో, తమ పేరు జాబితాలోంచి తీసేశారనో అనుకుని ఇంటిదారి పడతారు.

ప్రధానమంత్రి ఫసల్ బీమా అమలయ్యే చోట వడగళ్లు, పొలం నీట మునగడం వంటి స్థానిక నష్టాలను 72 గంటల్లోగా తెలియజేయాలి. అందులో ఒక రోజు ఇలా వృథా అయితే నష్టం మీకే. అందుకే ఆ అడ్డు ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికక్కడే తేల్చుకోవడం తెలిసి ఉండాలి. దానికి రెండు నిమిషాలు చాలు.

ఫిల్టర్ అంటే ఏమిటి?

పదిమంది వాడే వైఫైలో అశ్లీల సైట్లు, జూదం, మోసపు సైట్లు తెరుచుకోకుండా దాన్ని నడిపేవారు ఒక ఫిల్టర్ పెడతారు. ఇది ప్రతి పేజీని చదివి మంచిచెడ్డలు తేల్చదు. ఫిల్టర్ తయారుచేసిన కంపెనీ సైట్లన్నింటినీ ముందే రకాలుగా విడగొట్టి జాబితా ఇస్తుంది. వైఫై యజమాని అందులో ఏ రకాలు వద్దో టిక్కు పెడతాడు. ఆ రకంలో ఉన్న సైట్లన్నీ ఆగిపోతాయి.

మార్కెట్ యార్డు గేటు దగ్గర కాపలాదారు మూట విప్పి చూడకుండా, మూట మీద రాసిన పేరు చూసి బండిని ఆపినట్టు ఉంటుంది ఇది. పేరు తప్పుగా రాసి ఉంటే మంచి సరుకు కూడా బయటే ఉండిపోతుంది.

వ్యవసాయ సైట్లు ఎందుకు చిక్కుకుంటాయి?

- పొగాకు: చాలా ఫిల్టర్లలో 'మద్యం, పొగాకు' అని ఒక రకం ఉంటుంది. సిగరెట్ అమ్మకాలను ఆపడానికి దాన్ని పెడతారు. కానీ పొగాకు సాగు, వేలం ధరల సమాచారం ఇచ్చే సైటు కూడా అదే గంపలో పడే అవకాశం ఉంది. ప్రకాశం, నెల్లూరు ప్రాంత రైతులు ఇది గమనించాలి.
- పురుగుమందులు: విషం, మందులు, రసాయనాలు అనే మాటలున్న సైట్లను మత్తుమందులు లేదా ప్రమాదకర పదార్థాల కింద చేర్చేస్తారు.
- పశువుల, కోళ్ల పెంపకం: కృత్రిమ గర్భధారణ, సంకరం గురించిన ఇంగ్లిష్ మాటలు కొన్ని అశ్లీల పదాల జాబితాలో ఉంటాయి. జాతి కోళ్ల పేజీలు పందేల సైట్లుగా లెక్కలోకి వెళ్లవచ్చు.
- వీడియోలు: అందరికీ వేగం సరిపోవాలని వీడియో సైట్లన్నింటినీ ఆపేస్తారు. సాగు పద్ధతులు చూపించే వీడియో కూడా వాటితోపాటే ఆగుతుంది.
- కొత్త సైట్లు: మోసగాళ్లు రోజూ కొత్త పేర్లతో సైట్లు పెడతారు కాబట్టి, ఈమధ్యే మొదలైన సైట్లను కొన్ని ఫిల్టర్లు కొన్నాళ్లపాటు అనుమానిస్తాయి. కొత్తగా పెట్టిన రైతు ఉత్పత్తిదారుల సంఘం సైటుకు ఈ ఇబ్బంది రావచ్చు.
- పాత ప్రభుత్వ పోర్టళ్లు: కొన్నింటి చిరునామాలో రెండు చుక్కల తర్వాత 8080 వంటి అంకె ఉంటుంది. చాలా పబ్లిక్ వైఫైలు మామూలు దారులనే తెరిచి ఉంచి, ఇలాంటి అంకెల దారులను మూసేస్తాయి.

మాటలను మాత్రమే చూసి ఆపే ఫిల్టర్ ఎంత పొరపడుతుందో చెప్పడానికి ఇంగ్లండులోని స్కంథార్ప్ పట్టణాన్ని ఉదాహరణగా చెబుతారు. ఆ ఊరి పేరు ఇంగ్లిష్ అక్షరాల మధ్యలో ఒక బూతు మాట కనిపిస్తుందని 1996లో అమెరికా ఆన్‌లైన్ సంస్థ ఫిల్టర్ అక్కడివారిని ఖాతాలు తెరవనివ్వలేదు. తప్పు ఊరివాళ్లది కాదు, ఫిల్టర్‌ది. మీ విషయంలోనూ అంతే.

ఇది ఫిల్టరేనా? వేరే కారణమా?

తెరమీద ఏం కనిపించిందో చూడండి.

1. 'బ్లాక్ చేయబడింది', 'అనుమతి లేదు' అని, కింద ఒక రకం పేరు: ఇది ఫిల్టరే.
2. ఏ సైటు తెరిచినా ఫోన్ నంబరు, ఓటీపీ అడిగే పేజీ వస్తుంది: ఇది ఫిల్టర్ కాదు. మీరింకా లాగిన్ కాలేదు, లేదా ఉచిత సమయం అయిపోయింది. రైల్వే స్టేషన్లలోని రైల్‌వైర్ వైఫైలో రోజుకు తొలి 30 నిమిషాలే ఉచితం.
3. 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అనే హెచ్చరిక: ఫిల్టర్ మధ్యలో అడ్డుపడినప్పుడు ఇలా రావచ్చు. ఫోన్‌లో తేదీ, సమయం తప్పుగా ఉన్నా ఇదే వస్తుంది. ముందు తేదీ సరిచూడండి.
4. చాలాసేపు తిరిగి తిరిగి ఆగిపోతుంది: పీఎం కిసాన్ విడత పడే రోజుల్లోనో, దరఖాస్తుల చివరి రోజునో సర్వర్ మీద భారం పెరిగితే ఇలా జరుగుతుంది. తెల్లవారుజామున లేదా రాత్రిపూట ప్రయత్నించండి.

అసలైన పరీక్ష ఒకటే. వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో అదే సైటు తెరవండి. మీ దగ్గర డేటా లేకపోతే పక్కనున్న తెలిసినవారి ఫోన్‌లో చూడమనండి. డేటాలో తెరుచుకుంటే అడ్డు వైఫైది. అక్కడా తెరుచుకోకపోతే సైటులోనే ఇబ్బంది ఉంది. మీ పేరు, మీ భూమి రికార్డు ఏమీ పోలేదు.

విదేశాల్లో ఉన్న పిల్లలు మీ భూమి రికార్డు చూడబోతే తెరుచుకోకపోతే, అది అక్కడి వైఫై తప్పు కాకపోవచ్చు. కొన్ని ప్రభుత్వ సైట్లు భద్రత కోసం విదేశీ కనెక్షన్లను అనుమతించవు. అలాంటప్పుడు మీరే ఇక్కడ చూసి, ఆ పేజీని వారికి పంపండి.

ఫిల్టర్ అని తేలితే ఏం చేయాలి?

- మొదట తెరమీది సందేశాన్ని స్క్రీన్‌షాట్ తీయండి. సైటు పేరు, రకం పేరు అందులో ఉంటాయి.
- పని చిన్నదైతే మొబైల్ డేటాతోనే ముగించండి. స్టేటస్ చూడటానికి, ఫారం నింపడానికి ఎక్కువ డేటా పట్టదు. డేటాను తినేవి వీడియోలు, ఫొటోలు.
- గ్రంథాలయం, కళాశాల, కార్యాలయం వైఫై అయితే అక్కడి సిబ్బందికి స్క్రీన్‌షాట్ చూపించి, ఆ ఒక్క సైటును అనుమతించమని అడగండి. ఫిల్టర్లలో ఆ వీలు ఉంటుంది. మీరు అడిగితే మీ తర్వాత వచ్చే రైతుకూ దారి తెరుచుకుంటుంది.
- అప్పటికీ కాకపోతే మీసేవ, సీఎస్సీ కేంద్రానికి వెళ్లండి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రం సిబ్బందిని, తెలంగాణలో మీ వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి.

ఇవి మాత్రం చేయకండి

అడ్డు తప్పించుకోవడానికి ఎవరో చెప్పారని ఊరూపేరూ తెలియని ఉచిత వీపీఎన్ యాప్ వేసుకోవద్దు. మీ ఫోన్ నుంచి వెళ్లే రాకపోకలన్నీ ఆ యాప్ నడిపేవారి చేతి మీదుగానే వెళ్తాయి. పైగా వీపీఎన్ మీ ఫోన్‌ను వేరే దేశంలో ఉన్నట్టు చూపిస్తే, అంతవరకు తెరుచుకున్న ప్రభుత్వ సైటు కూడా మూసుకుపోవచ్చు.

'కనెక్షన్ ప్రైవేట్ కాదు' అన్న చోట 'అయినా ముందుకు వెళ్లు' నొక్కి ఆధార్, బ్యాంకు వివరాలు ఇవ్వొద్దు. పబ్లిక్ వైఫైలో బ్యాంకు యాప్, యూపీఐ చెల్లింపులు కూడా పెట్టుకోకండి. వాటికి మొబైల్ డేటాయే మేలు.

ఫిల్టర్ ఆపడమే మంచిదైన సందర్భాలు

ప్రతి అడ్డూ పొరపాటు కాదు. పీఎం కిసాన్ పేరుతో, సబ్సిడీ ట్రాక్టర్ల పేరుతో నకిలీ సైట్లు చాలా ఉన్నాయి. వాట్సాప్‌లో లింకు వచ్చి, దాన్ని ఫిల్టర్ ఆపితే తొందరపడి వేరే దారిలో తెరవకండి. చిరునామా చదవండి. ప్రభుత్వ సైట్లు ఎక్కువగా 'డాట్ గవ్ డాట్ ఇన్' లేదా 'డాట్ నిక్ డాట్ ఇన్' అని ముగుస్తాయి. మధ్యలో పీఎం కిసాన్ అని ఉండి చివర వేరే పేరు ఉంటే అనుమానించండి. ఏపీకే ఫైలు దించుకోమంటే అసలు ముట్టుకోవద్దు. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

గడువున్న పనికి ఫోన్ దారి ఉంచుకోండి

ఏ సైటూ తెరుచుకోకపోయినా మామూలు కాల్‌తో అయ్యే పనులు ఉన్నాయి. ఈ నంబర్లను కాగితం మీద రాసి పాస్‌పుస్తకంలో పెట్టుకోండి.

- పంట బీమా నష్టం తెలియజేయడానికి: 14447
- సాగు సలహాలకు కిసాన్ కాల్ సెంటర్: 1800-180-1551 (తెలుగులో మాట్లాడవచ్చు)
- పీఎం కిసాన్ వివరాలకు: 155261
- సైబర్ మోసాలకు: 1930

14447కు ఫోన్ చేసినప్పుడు ఫిర్యాదు సంఖ్య అడిగి రాసుకోండి. పొలం ఫొటోలను తేదీ కనిపించేలా ముందే తీసి ఉంచండి. సైటు తర్వాత తెరుచుకున్నా, గడువులోగా తెలియజేశారనడానికి ఆ సంఖ్యే మీ దగ్గర ఆధారం.

గుర్తుంచుకోండి: ఉచిత వైఫైలో సైటు తెరుచుకోకపోతే ముందు మొబైల్ డేటాలో చూడండి, తర్వాత అక్కడి సిబ్బందిని అడగండి, గడువు దగ్గరపడితే ఫోన్ చేయండి. చివరి రోజు వరకు ఆగి ఒక్క వైఫై మీదే ఆధారపడకండి.