గిగో: పొడి అక్షరములలో పసిడి

పేరులోని తొలి వర్ణములను మాత్రము గ్రహించి కూర్చిన సంక్షేపమును మనవారు 'పొడి అక్షరములు' అందురు. కోలారు బంగారు గనుల కడ ఈ 'పొడి'కి రెట్టింపు అర్థము; ఏలయన, కె.జి.ఎఫ్. అను మూడు పొడి అక్షరములతోనే లోకమెఱిగిన ఆ యూరు, 1880 దశకమున జాన్ టేలర్ సంస్థ వచ్చినది మొదలు 2001లో గనులు మూతపడువఱకు, ఱాతిని పొడిచేసియే బ్రతికినది.

కంప్యూటరు విద్యలో 'గిగో' యను చమత్కారశబ్దమొకటి కలదు. 'గార్బేజ్ ఇన్, గార్బేజ్ అవుట్' అనుదాని సంక్షేపమిది. ముందు వచ్చినది ముందే వెడలునను 'ఫిఫో' ఫక్కిలోనిది. 1957 నాటికే అచ్చెక్కినది. చెత్త నిచ్చినచో యంత్రము చెత్తనే మరలించునని తాత్పర్యము. విత్తొకటి నాటిన చెట్టొకటి మొలచునా యన్న మన సామెతయు నదియే గదా!

గనిలో మాత్రమీ సూత్రము తలక్రిందులు. టన్ను ఱాయిని మిల్లులో నూఱి, అందలి పసిడిని సైనైడు ద్రావణమున కరగించి రాబట్టగా, కడపటి కాలమున చేతికి దక్కినది కొన్ని గ్రాములే. కావున కోలారులో ఆ నాలుగు ఆంగ్లాక్షరములను 'గ్రావెల్ ఇన్, గోల్డ్ అవుట్' అని విప్పుట యుక్తము. అయినను, ఊరిచుట్టును నేటికిని గుట్టలై నిలిచిన సైనైడు దిబ్బలను చూచినవారు మొదటి యర్థమును సయితము కాదనజాలరు.